ఆడమ్ గిల్‌క్రిస్ట్ కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియా మాజీ వికెట్ కీపర్ గిల్‌క్రిస్ట్ పేరు ఎత్తగానే అందరూ సిక్సర్ల గురించే మాట్లాడతారు. అతని బ్యాటింగ్ అంటే నాకూ పిచ్చే. కానీ అతను తనను తాను ముందు కీపర్‌గానే చూసుకున్నాడని, కెరీర్‌లోని పెద్ద నిర్ణయాలన్నీ ఆ లెక్కనే తీసుకున్నాడని నా అభిప్రాయం. అతని ఆట చూడని కొత్త తరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు ఆ కోణం నుంచే జవాబులు రాస్తున్నాను.

గిల్‌క్రిస్ట్ ఎక్కడివాడు? క్రికెట్‌లోకి ఎలా వచ్చాడు?

1971 నవంబర్ 14న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, బెల్లింజెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి స్టాన్ స్కూల్ టీచర్, లెగ్ స్పిన్ కూడా వేసేవాడు. ఆయన ఉద్యోగం వల్ల కుటుంబం ఊళ్లు మారుతూ చివరికి లిస్మోర్‌లో స్థిరపడింది. నలుగురు పిల్లల్లో ఆడమ్ చిన్నవాడు.

1992-93 సీజన్‌లో న్యూ సౌత్ వేల్స్ జట్టులోకి వచ్చాడు, అయితే కేవలం బ్యాట్స్‌మన్‌గా. అక్కడ కీపర్ స్థానం ఖాళీ లేదు. గ్లవ్స్ వేసుకునే అవకాశం కోసం 1994లో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు, అంటే పెర్త్‌కు, మకాం మార్చి వెస్టర్న్ ఆస్ట్రేలియా తరఫున ఆడటం మొదలుపెట్టాడు. అక్కడి జనానికి తమ కీపర్ టిమ్ జోరర్ అంటే చాలా ఇష్టం. అతని చోటు తీసుకున్న ఈ కుర్రాడిని మొదట్లో వాళ్లు అసలు దగ్గరికి రానివ్వలేదు. పరుగులు చేశాక, క్యాచ్‌లు పట్టాక గానీ మనసు మార్చుకోలేదు. 1996లో ఆస్ట్రేలియా దేశవాళీ టోర్నీ షెఫీల్డ్ షీల్డ్ ఫైనల్లో సౌత్ ఆస్ట్రేలియా మీద 189 నాటౌట్ కొట్టాక దేశమంతా అతని పేరు తెలిసింది.

ఇరవై రెండేళ్ల వయసులో, ఉన్న జట్టులో బ్యాట్స్‌మన్‌గా చోటు దొరుకుతుంటే, కీపింగ్ కోసం అంత దూరం వెళ్లినవాణ్ని 'కీపింగ్ కూడా చేయగల బ్యాట్స్‌మన్' అనడం నాకు సబబుగా అనిపించదు.

అంతర్జాతీయ క్రికెట్ ఎప్పుడు మొదలైంది?

తొలి వన్డే మన దేశంలోనే ఆడాడు. 1996 అక్టోబర్‌లో టైటాన్ కప్ జరుగుతున్నప్పుడు అప్పటి ఆస్ట్రేలియా కీపర్ ఇయాన్ హీలీ గాయపడటంతో, ఫరీదాబాద్‌లో దక్షిణాఫ్రికా మీద అవకాశం వచ్చింది. ఆ తర్వాత 1997 చివర్లో సెలెక్టర్లు వన్డేలకు హీలీని పక్కనపెట్టి గిల్‌క్రిస్ట్‌ను తీసుకున్నారు. టెస్టుల్లో మాత్రం హీలీ కొనసాగాడు.

1998 జనవరిలో అతన్ని మార్క్ వాతో కలిపి ఓపెనింగ్‌కు పంపడంతో వన్డే కెరీర్ మలుపు తిరిగింది. సిడ్నీలో దక్షిణాఫ్రికా మీద ట్రై-సిరీస్ రెండో ఫైనల్లో సెంచరీ కొట్టాడు. ఆ తర్వాత అతన్ని కిందికి దించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

టెస్టుల్లోకి అంత ఆలస్యంగా ఎందుకు వచ్చాడు?

హీలీ ఉన్నాడు కాబట్టి. టెస్ట్ క్రికెట్‌లో అప్పటికి అత్యధిక బ్యాట్స్‌మెన్‌ను ఔట్ చేసిన కీపర్ అతనే. లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్‌కు కీపింగ్ చేయడంలో హీలీ తర్వాతే ఎవరైనా అనేవారు. అందుకే గిల్‌క్రిస్ట్ మొదటి టెస్ట్ ఆడేసరికి 28వ పుట్టినరోజుకు ఇంకో పది రోజులు కూడా లేవు. 1999 నవంబర్ 5న బ్రిస్బేన్‌లో పాకిస్థాన్ మీద దిగాడు. బ్రిస్బేన్ హీలీ సొంతూరు. సొంత మైదానంలో చివరిసారి ఆడి వీడ్కోలు తీసుకుంటానని హీలీ అడిగితే బోర్డు ఒప్పుకోలేదు. ఆ బాధంతా జనంలో ఉంది. అలాంటి చోట గిల్‌క్రిస్ట్ మొదటి ఇన్నింగ్స్‌లోనే 81 పరుగులు చేశాడు.

రెండో టెస్ట్ హోబర్ట్‌లో. ఆస్ట్రేలియా లక్ష్యం 369. స్కోరు 126 దగ్గర ఐదో వికెట్ పడింది. అవతల వసీమ్ అక్రమ్, వకార్ యూనిస్, షోయబ్ అక్తర్, సక్లైన్ ముస్తాక్. నలుగురూ ఒకే జట్టులో! ఏ జట్టైనా అక్కడితో ఆశ వదిలేసుకుంటుంది. జస్టిన్ లాంగర్ ఒక ఎండ్‌లో పాతుకుపోతే గిల్‌క్రిస్ట్ రెండో ఎండ్ నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి 238 పరుగులు జోడించారు. లాంగర్ 127, గిల్‌క్రిస్ట్ 149 నాటౌట్, ఆస్ట్రేలియా 4 వికెట్ల తేడాతో గెలిచింది. అదీ తన రెండో టెస్టులో. ఆ మ్యాచ్ తర్వాత హీలీ గురించి అడిగేవాళ్లు తగ్గిపోయారు.

మొత్తం గణాంకాలు ఏమిటి?

టెస్టులు: 96 మ్యాచ్‌లు, 5570 పరుగులు, సగటు 47.60, సెంచరీలు 17, అత్యధికం 204 నాటౌట్. 100 సిక్సర్లు. టెస్టుల్లో ఆ మార్కు మొదట అందుకున్నది అతనే. క్యాచ్‌లు 379, స్టంపింగ్‌లు 37.

వన్డేలు: 287 మ్యాచ్‌లు, 9619 పరుగులు, సగటు 35.89, స్ట్రైక్ రేట్ 96.94, సెంచరీలు 16, అత్యధికం 172. క్యాచ్‌లు 417, స్టంపింగ్‌లు 55.

వీటన్నిటికంటే నాకు గొప్పగా అనిపించే విషయం ఇంకోటుంది. ఆ 96 టెస్టులూ వరసగా ఆడాడు. మొదటి టెస్ట్ నుంచి చివరి టెస్ట్ దాకా ఒక్కటి కూడా మిస్ కాలేదు. కీపర్ అంటే రోజుకు 90 ఓవర్లు కూర్చుని లేవాలి, వేళ్లకు దెబ్బలు తగులుతాయి, మోకాళ్లు అరుగుతాయి. ఎనిమిదేళ్లకు పైగా ఒక్క మ్యాచ్‌కూ పక్కన కూర్చోకపోవడం మామూలు విషయం కాదు.

ఏడో స్థానంలో ఆడి నాటౌట్లతో సగటు పెంచుకున్నాడని అంటారు, నిజమేనా?

కొంచెం కూడా కాదు. 137 ఇన్నింగ్స్‌లలో నాటౌట్‌గా మిగిలింది 20 సార్లు మాత్రమే. నాటౌట్ లెక్క పూర్తిగా తీసేసి మొత్తం పరుగులను ఇన్నింగ్స్‌లతో భాగించినా 40 పైనే వస్తుంది. పైగా అతని టెస్ట్ స్ట్రైక్ రేట్ దాదాపు 82. నాటౌట్ కోసం ఆడేవాడు అలా కొట్టడు.

ఏడో స్థానంలో దిగడం జట్టుకు ఎలా పనికొచ్చిందో కూడా చూడాలి. ఐదు వికెట్లు పడ్డాయంటే బౌలింగ్ జట్టు ఊపిరి పీల్చుకుంటుంది. బౌలర్లు అలసిపోయి ఉంటారు, తోక త్వరగా తెగుతుందని ఆశపడతారు. సరిగ్గా అప్పుడే ఇతను వచ్చి గంటన్నరలో మ్యాచ్ లాగేసుకునేవాడు. 2001లో ముంబయిలో మనకు జరిగింది అదే. ఆస్ట్రేలియా 99కి 5. వాంఖడే ఊగిపోతోంది. గిల్‌క్రిస్ట్ 112 బంతుల్లో 122 కొట్టాడు, మాథ్యూ హేడెన్‌తో 197 పరుగుల భాగస్వామ్యం. మూడు రోజుల్లో టెస్ట్ అయిపోయింది.

మరి అదే సిరీస్‌లో ఘోరంగా విఫలమయ్యాడు కదా?

అవును. తర్వాతి టెస్ట్ కోల్‌కతా. మొదటి ఇన్నింగ్స్‌లో హర్భజన్ సింగ్ హ్యాట్రిక్‌లో రెండో వికెట్ గిల్‌క్రిస్టే, మొదటి బంతికే ఔట్. రెండో ఇన్నింగ్స్‌లో సచిన్ బౌలింగ్‌లో ఎల్బీ, అప్పుడూ మొదటి బంతికే. చెన్నైలో 1, 1. అంటే ఆ సిరీస్‌లో వరసగా 122, 0, 0, 1, 1. లక్ష్మణ్ 281 కొట్టిన కోల్‌కతా టెస్ట్ మనందరికీ గుర్తే. అదే మ్యాచ్‌లో అవతలి జట్టు ఏడో నంబర్ బ్యాట్స్‌మన్ రెండు బంతులు మాత్రమే ఆడాడన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

ఆ దెబ్బకు జవాబు చెప్పడానికి మూడేళ్లు పట్టింది. 2004లో మళ్లీ ఇండియా వచ్చేసరికి కెప్టెన్ రికీ పాంటింగ్ బొటనవేలికి గాయమైంది, కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కు వచ్చింది. బెంగళూరులో సెంచరీ కొట్టి జట్టును గెలిపించాడు. చెన్నై వర్షంతో డ్రా. నాగ్‌పూర్ గెలవడంతో సిరీస్ ఆస్ట్రేలియాది అయిపోయింది. 1969-70 తర్వాత ఆస్ట్రేలియా మన దగ్గర టెస్ట్ సిరీస్ గెలవడం అదే మొదటిసారి. అంతకుముందు కెప్టెన్ స్టీవ్ వా కూడా సాధించలేనిది తాత్కాలిక కెప్టెన్ సాధించాడు. ముంబయిలో చివరి టెస్టుకు పాంటింగ్ తిరిగొచ్చాడు, అది మనం గెలిచాం.

కెప్టెన్‌గా రికార్డు ఎలా ఉంది?

6 టెస్టుల్లో 4 గెలుపు, 1 ఓటమి, 1 డ్రా. ఆ ఒక్క ఓటమి 2001లో హెడింగ్లీలో. గెలుపు కోసం 315 లక్ష్యం పెట్టి డిక్లేర్ చేశాడు, మార్క్ బుచర్ 173 నాటౌట్ కొట్టి ఇంగ్లండ్‌ను గెలిపించాడు. అప్పటికే ఆస్ట్రేలియా యాషెస్ (ఇంగ్లండ్‌తో జరిగే టెస్ట్ సిరీస్) గెలిచేసింది. ఆ డిక్లరేషన్‌ను నేను తప్పు పట్టను.

ప్రపంచ కప్‌లలో ఏం చేశాడు?

మూడు ఆడాడు, మూడూ గెలిచాడు. మూడు ఫైనల్స్‌లోనూ 50 దాటాడు. 1999లో లార్డ్స్‌లో పాకిస్థాన్ మీద 36 బంతుల్లో 54. 2003లో జొహానెస్‌బర్గ్‌లో మన మీద 48 బంతుల్లో 57. ఆ రోజు జహీర్ మొదటి ఓవర్ నుంచే మ్యాచ్ మన చేతిలోంచి జారిపోవడం చూసినవాళ్లకు పాంటింగ్ 140 కంటే ముందు జరిగిన ఈ విధ్వంసం కూడా గుర్తుండాలి.

2007 ఫైనల్ వేరే స్థాయి. బ్రిడ్జ్‌టౌన్‌లో శ్రీలంకతో, వర్షం వల్ల 38 ఓవర్ల మ్యాచ్. గిల్‌క్రిస్ట్ 72 బంతుల్లో సెంచరీ, మొత్తం 104 బంతుల్లో 149. 13 ఫోర్లు, 8 సిక్సర్లు. హేడెన్‌తో మొదటి వికెట్‌కు 172 పరుగులు జోడిస్తే అందులో హేడెన్ వాటా 38. మలింగ, వాస్, మురళి ముగ్గురూ ఉన్న బౌలింగ్ అది. ప్రపంచ కప్ ఫైనల్లో ఇంతకంటే పెద్ద స్కోరు ఇంకెవరూ చేయలేదు.

ఇక 1999 సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాతో టై అయిన మ్యాచ్. ఎడ్జ్‌బాస్టన్‌లో అలన్ డొనాల్డ్ రనౌట్ అందరూ చూసే ఉంటారు. డామియన్ ఫ్లెమింగ్ బంతిని నేల మీద దొర్లించి పంపాడు. అది కీపర్ దగ్గరికి చేరడానికి ఒక యుగం పట్టినట్టుంటుంది. ఈసారి ఆ వీడియో చూస్తే డొనాల్డ్‌ను వదిలేసి గిల్‌క్రిస్ట్‌ను గమనించండి. ప్రపంచ కప్ తన వైపు దొర్లుకుంటూ వస్తుంటే బంతి గ్లవ్స్‌లో పడేదాకా ఆగాడు, తర్వాతే వికెట్లు పడగొట్టాడు.

2007 ఫైనల్లో గ్లవ్‌లో బంతి పెట్టుకున్నాడట, అది మోసం కాదా?

ఎడమ చేతి గ్లవ్ లోపల స్క్వాష్ బంతి పెట్టుకున్న మాట నిజం. అతని బ్యాటింగ్ కోచ్ బాబ్ మ్యూల్‌మన్ ఇచ్చిన సలహా అది. ఎడమచేతి వాటం కాబట్టి ఎడమ చేయి హ్యాండిల్‌పై కింద ఉంటుంది. ఆ చేయి మరీ గట్టిగా బిగిస్తే బ్యాట్ తిరిగిపోయి బంతి గాల్లోకి లేస్తుంది. అరచేతికి అడ్డంగా బంతి ఉంటే చివరి రెండు వేళ్లు పట్టు బిగించలేవు, దాంతో పైచేయి నడిపించినట్టే బ్యాట్ నేరుగా వస్తుంది. సెంచరీ కాగానే గ్లవ్ వైపు వేలు చూపించింది అందుకే, మ్యూల్‌మన్‌కు ఇచ్చిన మాట అది. శ్రీలంక వైపు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. నిబంధనలు చూసే ఎంసీసీ మాత్రం తప్పేమీ లేదని చెప్పింది. నా మట్టుకు నాకు ఇందులో దాపరికమే కనిపించదు. దాచాలనుకున్నవాడు కోట్లమంది చూస్తుండగా గ్లవ్ చూపించడు.

అంపైర్ ఔట్ ఇవ్వకపోయినా వెళ్లిపోయేవాడట?

2003 ప్రపంచ కప్ సెమీఫైనల్, పోర్ట్ ఎలిజబెత్, శ్రీలంకతో. అరవింద డిసిల్వా బంతిని స్వీప్ చేయబోతే అంచుకు తగిలి ప్యాడ్ మీదుగా లేచింది, కీపర్ సంగక్కర పట్టుకున్నాడు. అంపైర్ రూడీ కర్ట్‌జెన్ ఔట్ ఇవ్వలేదు. గిల్‌క్రిస్ట్ ఒక్క క్షణం ఆగి పెవిలియన్ వైపు నడక మొదలుపెట్టాడు. అప్పటికి స్కోరు 22, బాగా ఆడుతున్నాడు. ఆ రోజుల్లో రివ్యూలు లేవు, ఉండిపోతే అడిగేవాడే లేడు. గెలుపు కోసం చివరిదాకా పోరాడాలనే ఆస్ట్రేలియా జట్టులో, ప్రపంచ కప్ సెమీఫైనల్లో, అలా చేయడానికి ధైర్యం కావాలి. ఆ తర్వాత కూడా ఆ పద్ధతి మానలేదు.

మరి 2008 సిడ్నీ టెస్టులో ద్రవిడ్ ఔట్ కోసం అప్పీల్ చేయలేదా?

చేశాడు. సైమండ్స్ బౌలింగ్‌లో బంతి ద్రవిడ్ ప్యాడ్‌కు మాత్రమే తగిలింది, బ్యాట్ ప్యాడ్ వెనుక దాగి ఉంది. గిల్‌క్రిస్ట్ గట్టిగా అప్పీల్ చేశాడు, అంపైర్ బక్నర్ వేలెత్తాడు. మన అభిమానులకు కోపం రావడంలో న్యాయం ఉంది. అతన్ని ఎంత అభిమానించినా ఆ అప్పీల్‌ను సమర్థించడం నా వల్ల కాదు. తన బ్యాటింగ్ విషయంలో పాటించిన నిజాయితీని ఆ క్షణంలో గ్లవ్స్‌తో ఉన్నప్పుడు పాటించలేకపోయాడు. అయితే ఆ ఒక్కదానితో సెమీఫైనల్ నడకను అబద్ధం అనలేం.

57 బంతుల సెంచరీ కథ ఏమిటి?

2006 డిసెంబర్, పెర్త్, ఇంగ్లండ్‌తో యాషెస్ మూడో టెస్ట్. మొదటి ఇన్నింగ్స్‌లో డకౌట్. రెండో ఇన్నింగ్స్‌లో 57 బంతుల్లో సెంచరీ. మాంటీ పనేసర్ ఒక్క ఓవర్లో 24 పరుగులు ఇచ్చుకున్నాడు. అప్పటికి అత్యంత వేగవంతమైన టెస్ట్ సెంచరీ అయిన వివియన్ రిచర్డ్స్ 56 బంతుల రికార్డుకు ఒకే ఒక్క బంతి దూరం. ఆ రికార్డు సంగతి ఆడేటప్పుడు తనకు తెలియదని తర్వాత చెప్పాడు. ఆ టెస్ట్ గెలిచి ఆస్ట్రేలియా యాషెస్ తిరిగి తెచ్చుకుంది.

దీనికి ముందు కథ తెలిస్తేనే ఈ ఇన్నింగ్స్ బరువు తెలుస్తుంది. 2005 యాషెస్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఫ్లింటాఫ్ అరౌండ్ ద వికెట్ (వికెట్లకు రెండో పక్క నుంచి) వచ్చి బంతిని అతని శరీరానికి దగ్గరగా వేసి కట్టిపడేశాడు. చేతులు చాపి కొట్టే చోటే ఇవ్వలేదు. సిరీస్ మొత్తంలో ఒక్క హాఫ్ సెంచరీ లేదు, అత్యధికం 49 నాటౌట్. గిల్‌క్రిస్ట్‌కు మందు దొరికిందని అందరూ అన్నారు.

హైదరాబాద్‌తో అతనికి ఉన్న అనుబంధం?

మన తెలుగువాళ్లకు ఇది ముఖ్యమైన ప్రశ్న. 2008లో మొదటి ఐపీఎల్ వేలంలో డెక్కన్ చార్జర్స్ అతన్ని 7 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ముంబయి మీద 42 బంతుల్లో సెంచరీ కొట్టాడు గానీ జట్టు అట్టడుగున, ఎనిమిదో స్థానంలో నిలిచింది. 2009లో పూర్తి స్థాయి కెప్టెన్‌గా అదే జట్టును చాంపియన్‌ను చేశాడు.

దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ టోర్నీ సెమీఫైనల్లో ఢిల్లీ మీద 35 బంతుల్లో 85. హాఫ్ సెంచరీకి పట్టింది 17 బంతులు. డర్క్ నానెస్ వేసిన మొదటి ఓవర్లోనే 5 ఫోర్లు. ఫైనల్లో మాత్రం బెంగళూరు బౌలర్ కుంబ్లే మూడో బంతికే బౌల్డ్ చేశాడు, సున్నా. గిబ్స్ 53 నాటౌట్‌తో జట్టు 143 చేసింది. చిన్న స్కోరు. అలాంటప్పుడు కీపింగ్ చూడండి: బెంగళూరు ఛేజింగ్‌లో ఊపు మీదున్న వాన్ డెర్ మెర్వ్‌ను ప్రజ్ఞాన్ ఓజా బౌలింగ్‌లో, కుర్రాడు కోహ్లీని సైమండ్స్ బౌలింగ్‌లో స్టంపౌట్ చేశాడు. 6 పరుగుల తేడాతో కప్పు మనది. మ్యాన్ ఆఫ్ ద సిరీస్ గిల్‌క్రిస్ట్‌కే వచ్చింది. బ్యాట్‌తో సున్నా చేసిన రోజున కూడా అతను జట్టుకు ఎంత విలువైనవాడో ఆ ఫైనల్ చూపించింది.

2011 నుంచి 2013 దాకా పంజాబ్‌కు ఆడాడు. చివరి మ్యాచ్‌లో, ధర్మశాలలో, గ్లవ్స్ తీసేసి బంతి అందుకున్నాడు. వేసిన మొదటి బంతికే హర్భజన్ ఔట్! కోల్‌కతాలో తనను హ్యాట్రిక్‌లో కలిపేసుకున్న అదే హర్భజన్. గిల్‌క్రిస్ట్ మైదానంలోనే డ్యాన్స్ చేశాడు.

ధోనీ, సంగక్కర, గిల్‌క్రిస్ట్‌లలో ఎవరు గొప్ప?

ఒక్క మాటలో తేలదు. వన్డేల్లో ఛేజింగ్, కెప్టెన్సీ, స్పిన్‌కు స్టంపింగ్ వేగం చూస్తే ధోనీ. మొత్తం బ్యాటింగ్ చూస్తే సంగక్కర, కానీ అతను పెద్ద పరుగులు చేసింది టెస్టుల్లో గ్లవ్స్ వదిలేశాకే. కీపింగ్ చేస్తూ 50కి పైగా సగటు సాధించిన జింబాబ్వే ఆండీ ఫ్లవర్‌ను చాలామంది మర్చిపోతారు, అది అన్యాయం. టెస్ట్ జట్టుకు కీపర్‌ను ఎంచుకోమంటే మాత్రం నేను గిల్‌క్రిస్ట్ పేరే రాస్తాను. అతని తర్వాతే ప్రతి దేశమూ కీపర్‌ను ఎంచేటప్పుడు ముందు బ్యాటింగ్ చూడటం మొదలుపెట్టింది.

ఎందుకు అంత హఠాత్తుగా రిటైరయ్యాడు?

2008 జనవరి, అడిలైడ్ టెస్ట్, మన జట్టుతోనే. బ్రెట్ లీ బౌలింగ్‌లో లక్ష్మణ్ ఇచ్చిన క్యాచ్ గ్లవ్స్‌లోకి వచ్చినట్టే వచ్చి జారిపోయింది. మామూలుగా నిద్రలో కూడా పట్టే క్యాచ్. పక్కనే స్లిప్‌లో ఉన్న హేడెన్‌తో ఇక తన పని అయిపోయిందని అన్నాడు. జనవరి 26న రిటైర్మెంట్ ప్రకటించాడు. అదే మ్యాచ్‌లో టెస్టుల్లో అత్యధిక ఔట్లు చేసిన కీపర్‌గా మార్క్ బౌచర్ రికార్డును దాటేశాడు కూడా. 100 టెస్టులకు ఇంకో 4 మాత్రమే బాకీ. కొన్ని నెలలు ఆగితే ఆ మైలురాయి దాటేవాడు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆగలేదు. ఆ తర్వాత వన్డే సిరీస్‌లో పెర్త్‌లో శ్రీలంక మీద 118 కొట్టాడంటే బ్యాటింగ్ ఇంకా ఉందనే కదా. 2008 మార్చి 4న బ్రిస్బేన్‌లో మన మీద చివరి వన్డే ఆడాడు. ధోనీ సేన ఆ ట్రై-సిరీస్ గెలిచిన ఫైనల్ అదే.

ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

ఆస్ట్రేలియా టీవీలో కామెంటరీ చెబుతున్నాడు. 2013లో ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అతని ఆట ఎప్పుడూ చూడలేదు. ఏ ఇన్నింగ్స్‌తో మొదలుపెట్టాలి?

అందరూ 2007 ఫైనల్ చూడమంటారు. నేను 2002 జొహానెస్‌బర్గ్ టెస్ట్ చూడమంటాను. దక్షిణాఫ్రికా మీద 213 బంతుల్లో 204 నాటౌట్. అప్పటికి టెస్టుల్లో అత్యంత వేగవంతమైన డబుల్ సెంచరీ అదే. నెల తిరక్కుండానే న్యూజిలాండ్ ఆటగాడు నాథన్ ఆస్ట్‌ల్ ఆ రికార్డు లాగేసుకున్నాడు, అది వేరే సంగతి. ఆ మైదానంలో ఒక స్పాన్సర్ బోర్డు పెట్టి, దానికి బంతి తగిలేలా సిక్స్ కొడితే బంగారు కడ్డీ ఇస్తామన్నారు. 170ల్లో ఉండగా గిల్‌క్రిస్ట్ దానికి గురిపెట్టి ఒక బంతి లేపాడు. కొద్దిలో తప్పింది.